ఏడు గుంటల తల్లి

నా చిన్నప్పుడు మా మేనత్త పాటల క్యాసెట్ ఒకటి వచ్చింది. వచ్చిందన్న సంగతి ఇవాళ బాన్సువాడలో ఎవరికీ గుర్తులేదు.

మేనత్త కాలువ కింది పొలాల్లో నాట్లకు వెళ్లేది. అందరూ పాడే పాటలు పాడేది కాదు, తానే కట్టేది. మా బడిలో హార్మోనియం వాయించే సారు ఒకాయన అవి విని, నిజామాబాద్ తీసుకెళ్లి ఎనిమిది పాటలు రికార్డు చేయించాడు. హార్మోనియం, ఒక డప్పు, ఆమె గొంతు, అంతే. రెండో పాటలో ఆమెకు ఊపిరి అందక ఆగిన చోటు కూడా అలాగే ఉంది. ఆ ఆగడమే నాకు ఇష్టం. అంత నిజమైన పాటలు నేను మళ్లీ వినలేదు.

అన్నిటికన్నా గొప్పది 'ఏడు గుంటల తల్లి'. ఆ తల్లి మా నానమ్మ. ఎకరానికి నలభై గుంటలైతే ఆమెకున్నది ఏడే, అదీ కాలువ చివర. నీళ్లు అందరికీ పారి మిగిలితే వచ్చేవి. వాటి కోసం ఆమె పార పట్టుకుని గట్టు మీద కాపలా కూర్చోవడం, పై పొలాలవాళ్లతో కొట్లాడటం, ఆ గింజలతోనే అందరినీ సాకడం, అదీ పాట.

క్యాసెట్లు వచ్చిన రోజు పక్కింటి దర్జీ చిచ్చా తన దుకాణంలో టేప్ పెట్టాడు. జనం మూగారు. సారు కూడా ఉన్నాడు. మేనత్తకు చదువు రాదు. అట్ట నా చేతిలో పెట్టి, "నా పేరు యాడున్నదో సదువు బిడ్డా" అంది. చదివాను. జానపద భక్తి గీతాలు. సేకరణ అని సారు పేరు. గానం, బృందం. మా మేనత్త పేరు బృందం అన్నమాట!

సేకరణ అంటే ఏంటని అడిగింది. ఏరుకురావడం అన్నాను.

"నా నోట్లకెల్లి ఏరిండా?" అంది.

సారు నవ్వాడు. "జానపదానికి కవి ఎవరుంటరమ్మా? అది జనం సొత్తు."

"గట్లయితే గా ఏడు గుంటల తల్లి ఎవరో జెర చెప్పున్రి సారూ."

ఆయన తడుముకోకుండా గ్రామదేవత అన్నాడు. నిలబడ్డవాళ్లలో ఒకాయన చేతులు కూడా జోడించాడు. ఆమె మా అవ్వ, నన్ను కన్నతల్లి అని మేనత్త అంటే అందరూ గొల్లున నవ్వారు. "మీ అవ్వకు గుడి కడ్తవా ఏంది?" అన్నారెవరో.

అప్పుడు ఆమె నావైపు తిరిగింది. "నువ్వు చెప్పు బిడ్డా, మీ నానమ్మనే గదా?"

సారు నన్నే చూస్తున్నాడు. రేపు మళ్లీ ఆయన ముందే కూర్చోవాలి. నేను తల దించుకున్నాను.

మేనత్త నన్ను పల్లెత్తు మాట అనలేదు. నా చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. ఆ తర్వాత ఒక్క పాటా కట్టలేదు. నాట్లలో ఎవరైనా అడిగితే గొంతు బాగాలేదనేది, చనిపోయేదాకా అదే మాట. క్యాసెట్లు కూడా ఎవరూ కొనలేదు.

ఏ క్యాసెట్ ఎవరి చేతికి చిక్కిందో, ఇప్పుడు బోనాలకు 'ఏడు గుంటల తల్లి' ఒక్కటి డీజేలో మోగుతుంది. నడివీధిలో పూనకాలు వస్తాయి. ఫోన్‌లో చూస్తే 'లిరిక్స్: సేకరణ' అని ఉంటుంది. మిగతా ఏడు పాటలు నాకు తప్ప ఎవరికీ రావు.

చదువు వచ్చిన నోరు మూసుకుంటే చదువు రాని మనిషికి ఎంత అన్యాయం జరుగుతుందో ఆరోజే చూశాను. ఆ పాట ఎక్కడ వినిపించినా ఆగి, అది దేవత కాదు మా నానమ్మ, కట్టింది మా మేనత్త అని చెబుతాను. కొందరు నవ్వుతారు, కొందరు వింటారు. ఎంత గట్టిగా చెప్పినా, చెప్పమని అడిగిన మనిషికి మాత్రం వినిపించదు.