కరుణ మేడం మంచి అనుమానాలు

ఈ ఉదయం సిటీ బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ చేతిసంచిలోంచి తలనొప్పి బామ్ తీసి కణతలకు రాసుకుంది. కర్పూరం, పుదీనా కలిసిన ఆ ఘాటు ముక్కుకు తగిలిందో లేదో, తార్నాకలో దిగాల్సినదాన్ని కిటికీలోంచి చూస్తూ తర్వాతి స్టాపు దాకా వెళ్ళిపోయాను. ఒకప్పుడు యూనివర్సిటీలో మా తరగతి గదిలోకి కరుణ మేడం కన్నా ముందు ఆ వాసన వచ్చేది. రోజంతా పాఠాలు చెప్పి, సాయంత్రం మా ఫ్రెంచి డిప్లొమా క్లాసుకు వచ్చేసరికి ఆవిడకు తలనొప్పి పట్టుకునేది. బల్ల మీద గొడుగు పెట్టి, కణతలకు బామ్ రాసుకుని, "ఆఁ, ఇప్పుడు చెప్పండి, ఎవరెవరు రాలేదు?" అనేవారు. వచ్చినవాళ్ళ పేర్లు ఆవిడ ఎప్పుడూ పిలవలేదు. రానివాళ్ళతోనే మా పాఠం మొదలయ్యేది.

ఆవిడది తెనాలి దగ్గర పల్లె. తండ్రి చర్చి బడిలో పంతులు. ఆవిడ తార్నాకలో ఒక మేడ మీది రెండు గదుల్లో ఒక్కరే ఉండేవారు. కచ్చితమైన మనిషి, కోపం కూడా ఎక్కువే. ఉచ్చారణ తప్పితే డస్టరు బల్ల మీద టప్పున కొట్టేవారు. కానీ క్లాసుకు రానివాళ్ళ విషయంలో మాత్రం ఆవిడది వింత పద్ధతి. ఒకరు లేచి, ఆ మనిషి ఎందుకు రాలేదో ఊహించి ఫ్రెంచిలో చెప్పాలి. ఫ్రెంచివాళ్ళకు ఒక కాలం ఉంది. 'నువ్వు వచ్చేసరికి నేను తినేసి ఉంటాను' అనడానికీ అదే, 'పాపం, వాడికి ఒంట్లో బాగుండక ఆగిపోయి ఉంటాడు' అనడానికీ అదే. దాన్ని మా నోళ్ళకు అలవాటు చేయడానికి పెట్టిన పద్ధతి అది. దానికి ఒక్కటే షరతు, ఊహ మంచిదై ఉండాలి.

మౌలాలి నుంచి వచ్చే సందీప్‌కు ఈ షరతు అస్సలు నచ్చేది కాదు. ఒకసారి తన స్నేహితుడు రాకపోతే లేచి, "సినిమాకు పోయి ఉంటడు మేడం, నాకు పక్కా తెలుసు," అన్నాడు. అందరం నవ్వాం.

"తెలిస్తే తెలిసింది. వాడొచ్చి వాడే చెప్పుకుంటాడు," అన్నారు మేడం. "మనిషి ఎదురుగా లేనప్పుడు ఎటూ ఏదో ఒకటి అనుకుంటాం. ఆ అనుకునేదేదో మంచిదే అనుకుంటే నీ సొమ్మేం పోయిందిరా? ఊఁ, చెప్పు."

సందీప్ తల గోక్కుని, వాళ్ళమ్మను ఆస్పత్రికి తీసుకెళ్ళి ఉంటాడని చెప్పాడు. మర్నాడు ఆ స్నేహితుడు వచ్చి నిలబడ్డాడు. తిరిగి వచ్చినవాళ్ళు అసలు కారణం తామే చెప్పాలన్నది రెండో నియమం. "సినిమాకు వెళ్ళాను," అన్నాడు సిగ్గుపడుతూ. మేడం అతని వాక్యంలో క్రియ దిద్ది కూర్చోబెట్టారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

నేను జనగామ వైపు పల్లె నుంచి వచ్చినదాన్ని. పదో తరగతి దాకానే కాదు, డిగ్రీ కూడా తెలుగులోనే చదివాను. ఫ్రెంచి వస్తే కంపెనీల్లో ఉద్యోగాలున్నాయని అడిక్‌మెట్‌లో నా గదిలో ఉండే లత చెబితే చేరాను. తీరా చూస్తే ఫ్రెంచి పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి. రెండు కొత్త భాషల మధ్య ఇరుక్కుని నా పని మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది. అది గమనించి మేడం శనివారం తార్నాక రమ్మన్నారు. వెళితే ముందు మరమరాల మిక్చరు, టీ పెట్టి, తర్వాత పుస్తకం మూసేశారు.

"తార్నాక నుంచి మౌలాలి వెళ్ళడానికి నల్లకుంట చుట్టి వెళ్తావా?" అని అడిగారు.

"ఎందుకు పోత మేడం?"

"మరి ఫ్రెంచికి ఇంగ్లీషు మీదుగా ఎందుకు వెళ్తున్నావు? 'చేసి ఉంటాను' అను. అందులో రెండు ముక్కలున్నాయి. 'చేసి', అది అయిపోయిన పని. 'ఉంటాను', అది రాబోయేది. ఫ్రెంచివాళ్ళవీ ఆ రెండు ముక్కలే, కాకపోతే తిరగేసి పెడతారు. ముందు 'ఓరె' అంటే 'ఉంటాను', తర్వాత 'ఫె' అంటే 'చేసి'. 'నేను' కలిస్తే 'జోరె ఫె', చేసి ఉంటాను. వెళ్ళడం, రావడం, పైకెక్కడం లాంటివాటికి 'ఓరె' తీసేసి 'సెరె' పెట్టు. ఇంతే కదా? మీ అమ్మ రోజూ మాట్లాడే కాలమే ఇది."

మా అమ్మకు ఫ్రెంచి వచ్చన్నట్టు ఆవిడ అన్న ఆ మాటకు నాకెంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. బస్సులో తిరిగి వస్తూ కనబడిన ప్రతి పనినీ ఆ కాలంలో పెట్టుకున్నాను. కండక్టరు టిక్కెట్లు కొట్టేసి ఉంటాడు, లత అన్నం వండేసి ఉంటుంది. అన్నీ సులువుగా కుదిరాయి.

ఆ ధైర్యం ఎన్నాళ్ళో నిలవలేదు. మేడం వేరే పని మీద వెళ్ళిన ఒక సాయంత్రం ఇంకొకాయన క్లాసు తీసుకున్నారు. అదే కాలం గురించి ఇంగ్లీషులో వివరించమని నన్నే లేపారు. నా నోట్లోంచి వచ్చిందంతా సగం తెలుగు, సగం తప్పుల ఇంగ్లీషు. క్లాసంతా గొల్లున నవ్వింది. బయట మెట్ల మీద ప్రీతి అనే అమ్మాయి, మంచి కాన్వెంటులో చదివినది, నా వాక్యాన్ని నా యాసలోనే అని చూపించింది. నేను వెనకే ఉన్నానని ఆమెకు తెలియదు.

మర్నాటి నుంచి క్లాసుకు వెళ్ళలేదు. గదిలో గోడవైపు తిరిగి పడుకున్నాను.

"ఏందే గట్ల పండుకున్నవ్? నవ్విన నాపచేనే పండుతది అంటరు గదా. లే," అంది లత.

"నాతోని కాదే. ఆదివారం ఇంటికి పోత."

ఇంటికి వెళ్ళడమంటే ఏమిటో నాకు బాగా తెలుసు. "నడిమిట్ల వాపస్ వస్తే మళ్ల పట్నం పోవుడు ఉండదు బిడ్డా," అని పంపేరోజే నాన్న చెప్పాడు. చెప్పినమాట తప్పే మనిషి కాదు. అయినా ముఖం చెల్లక బట్టలు సర్దేశాను.

శనివారం సాయంత్రం మెట్ల మీద ఎవరో ఆయాసపడుతూ ఎక్కుతున్న చప్పుడైంది. కరుణ మేడం! లత గాభరాగా కుర్చీ కోసం చూసింది. మా గదిలో కుర్చీ లేదు. ఆవిడ నేను సర్దిపెట్టుకున్న ట్రంకు పెట్టె మీదే కూర్చున్నారు. మంచినీళ్ళు తాగి నన్ను చూశారు.

"రమ్మని బతిమాలడానికి రాలేదమ్మా. నువ్వు లేనప్పుడు క్లాసులో నీ గురించి ఏమనుకున్నారో నీకు తెలియాలి కదా, అది చెప్పిపోదామని వచ్చాను. మొదటిరోజు సందీప్ లేచి, ఊరికి వెళ్ళి ఉంటుందన్నాడు. తర్వాత ఎవరో జ్వరం వచ్చి ఉంటుందన్నారు. నిన్న ప్రీతి లేచింది."

నేను తల దించుకున్నాను.

"'మేం నవ్వినందుకు మానేసి ఉంటుంది మేడం' అంది. ఫ్రెంచిలో మొదలుపెట్టి, ఏడుపొచ్చి తెలుగులో ముగించింది. మంచి ఊహే చెప్పాలని నేను పెట్టిన షరతు కదా. ఇది తప్పు తమ మీద వేసుకుని నీకు మంచి చేసిన ఊహ. నేనేం దిద్దుతాను?" ఆవిడ గొడుగు అందుకుని లేచారు. "అసలు కారణం చెప్పాల్సింది నువ్వు. సోమవారం వచ్చి చెప్తావో, చెప్పకుండా ఈ పెట్టె ఎత్తుకెళ్తావో, నీ ఇష్టం."

ఆవిడ వెళ్ళాక చాలాసేపు ఏడ్చాను. అవమానంతో కాదు. నా కుర్చీ ఖాళీగా ఉంటే ఒకరికి బాధ కలిగిందని తెలిసి ఏడ్చాను. ఆదివారం బస్టాండుకు వెళ్ళలేదు.

సోమవారం లేచి నిలబడి, "నాకు సిగ్గేసింది," అని ఫ్రెంచిలో చెప్పాను. మేడం నా ఉచ్చారణలో ఒక అక్షరం సరిచేసి మళ్ళీ అనిపించారు. ప్రీతి తన పక్క సీట్లోంచి సంచి తీసి కింద పెట్టింది. వెళ్ళి అక్కడ కూర్చున్నాను. ఆ ఏడాది పరీక్షకు ఇద్దరం కలిసే చదివాం. ఇవాళ నేను తార్నాకలోనే ఒక చిన్న సంస్థలో ఫ్రెంచి చెప్పుకుని బతుకుతున్నానంటే అది ఆ సోమవారం పుణ్యమే.

మేడం ఇప్పుడు తెనాలిలో చెల్లెలి దగ్గర ఉంటున్నారు. ఈ ఉదయం బస్సు దిగి, అక్కడే నీడలో నిలబడి ఫోన్ చేశాను. ఎన్నేళ్ళ నుంచో చెప్పాలనుకున్నది చెప్పేశాను. "మీరు ఆ రోజు అడిక్‌మెట్ రాకపోతే నేనీ ఊళ్ళో ఉండేదాన్నే కాదు మేడం," అన్నాను.

"అడిక్‌మెట్ వచ్చానా? ఎప్పుడమ్మా?"

ట్రంకు పెట్టె, ప్రీతి, సోమవారం, అన్నీ చెప్పాను.

"ఏమో తల్లీ, గుర్తు లేదు. అప్పట్లో చాలామంది గదులకు వెళ్ళేదాన్ని," అని నవ్వారు. "నువ్వింతగా చెబుతున్నావు కదా, వచ్చే ఉంటాన్లే."

ముందు మనసు చివుక్కుమంది. నా బతుకంతా నిలబెట్టిన ఆ సాయంత్రం ఆవిడకు జ్ఞాపకమే లేదు. నడుస్తూ ఆలోచిస్తే ఆవిడ మీద గౌరవం ఇంకా పెరిగింది. గుర్తుపెట్టుకునేటంత పెద్ద పని చేశానని ఆవిడ అనుకోనే లేదు. నా క్లాసుకు ఎవరైనా వరసగా రాకపోతే చిరునామా కనుక్కుని వెళ్ళి తలుపు తట్టడం నాకూ అలవాటైంది. ఎవరెవరి ఇళ్ళకు వెళ్ళానో ఇంకా పేర్లతో సహా చెప్పగలను. ఎప్పటికైనా ఆవిడలాగే నేనూ మరిచిపోవాలి.