చిటికెడు చిటికెడు పంచిన మందు

మా ఊళ్ళో ఎవరైనా నా ఉద్యోగం గురించి అడిగితే మా అమ్మ "మందులు చేస్తది" అని ఊరుకునేది. అది విని నన్ను డాక్టరనుకుని మోకాళ్ళ నొప్పులు చెప్పుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. నేను హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో వాము నూనెను పట్టి బంధిస్తాను. ఆ ఘాటుకు గింజల్ని తినే పురుగు దగ్గరికి రాదు. కానీ నూనెకు ఓపిక లేదు, మూత తీస్తే గాలికి ఎగిరిపోతుంది. అందుకని గంజిపిండితో గుళికలు చేసి దాన్ని లోపల పెడతాం. ఒక్కో గుళిక మామూలు సూక్ష్మదర్శినికి కూడా దొరకనంత చిన్నది. అందులోంచి నూనె నెలల తరబడి కొద్దికొద్దిగా బయటికొస్తుంది, పనయ్యాక గుళిక మట్టిలో కలిసిపోతుంది. చూడ్డానికి మాత్రం ఉత్త తెల్లపొడి.

మా ఇల్లు నారాయణఖేడ్ నుంచి మనూర్ పోయే దారిలో ఉంది. అమ్మ దగ్గర నల్ల కంది విత్తనం ఉండేది. అమ్మమ్మ ఇచ్చింది, బజార్లో దొరకదు. ఏటా విత్తడం, ఏటా కొన్ని గింజలు తీసి కుండలో దాచడం. వేపాకు వేసినా, బూడిద కలిపినా, కిందటేడు పురుగు సగం తినేసింది. ఈ ఏడూ పోతే ఇక ఆ విత్తనం మాకు లేనట్టే. దాని మాట వస్తే అమ్మ గొంతు తగ్గించేది, ఇంట్లో ఎవరికో బాగాలేనట్టు.

మా సార్‌ను అడిగి కుండకు సరిపడా పొడి డబ్బాలో పోసుకుని తెచ్చాను. అమ్మ వేళ్ళతో నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"వాసన సరిగ లేదేందే?"

"లోపల దాగుంది. మెల్లమెల్లగ వస్తది."

"గీ పిండికి గన్ని సదువులా?"

నాకు ఒళ్ళు మండింది, కానీ బస్సు టైమైంది. మొత్తం కలుపు, మూతపెట్టి పేడతో అలుకు, మిరుగం కార్తె వానలు పడేదాకా తీయకు అని చెప్పి వచ్చేశాను.

పురుగు పడితే కుండకు చెవి ఆనిస్తే లోపల సన్నగా గరగర వినిపిస్తుంది. మా వైపు ఆడవాళ్ళు అట్లాగే పసిగడతారు. పొద్దుగూకే వేళ అమ్మ కుండను వాటేసుకుని కూర్చుంటుందని వదిన నవ్వుతూ చెప్పేది. తర్వాత అమ్మ నాకు ఫోన్ చేసేది. "ఇన్న. సప్పుడు లేదు," అని పెట్టేసేది. ల్యాబులో ఎన్ని పరీక్షలు నెగ్గినా ఆ ఒక్క మాట వింటేగానీ నాకు అన్నం సయించేది కాదు.

ఎండలు ముదిరాక ఒకరోజు గొంతు మారింది. "సప్పుడైతుంది బిడ్డా."

మర్నాడే వెళ్ళాను. అలుకు పగలగొట్టి మూత తీస్తే గింజ గింజకూ చిల్లి. పురుగులు కుండ అంచు మీదికి పాకుతున్నాయి. అమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. నేను గింజల్ని అరచేతిలో రుద్ది చూశాను. పొడి జాడే లేదు.

"మొత్తం కలిపినవా?"

"ఉన్నకాడికి కలిపిన."

వదిన ఇక ఆగలేకపోయింది. నేను బస్సెక్కిన మర్నాడే అమ్మ ఆ డబ్బా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, మా బిడ్డ చేసిన మందు అంటూ చిటికెడు చిటికెడు పంచిందట. అడుగున మిగిలింది మా కుండకు.

"బోరంచ పోయొచ్చినోళ్ళు బండారి పంచరా? గట్లనే పంచిన," అంది అమ్మ. "మనింట్ల మందు పెట్టుకొని పక్కింటోళ్ళ గింజలు పుచ్చుతుంటె సూస్తమా?"

బండారి అంటే బోరంచ గుడిలో ఇచ్చే పోచమ్మ పసుపు. అది నుదుటికి చిటికెడు చాలు, కుండెడు కందులకు చాలదని అరిచాను. అరుస్తూనే ఏడ్చాను. నా పని మా అమ్మకు లెక్కలేదని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఆమేమో దాన్ని అమ్మవారి పసుపుతో సమానంగా ఊరంతా పంచింది. అట్లాంటి మనిషి మీద కోపం ఎంతసేపని నిలుస్తుంది?

నా అరుపులకు చర్చి పక్కింటి పెద్దమ్మ వచ్చింది. సంగతి విని, ఇంటికి పోయి ఒక చిన్న గాజు సీసా తెచ్చింది. పోయినేడు అమ్మ ఆమెకు విత్తనానికని గుప్పెడు నల్ల కందులిచ్చిందట. వాన సరిగా లేక ఆమె విత్తలేదు, సీసాలో దాచింది. అమ్మ ఇచ్చిన చిటికెడు పొడీ అందులోనే పోసి మూత బిగించింది.

"నీ గింజలే, నీ బిడ్డ మందే. తీస్కో చెల్లె," అంది.

అమ్మ మూత తీసింది. వాము వాసన గుప్పుమంది. చిన్నప్పుడు కడుపు నొస్తే నోట్లో వాము నమిలి నా బొడ్డు చుట్టూ రాసిన చేతుల వాసన అది. గింజలు ఒక్క చిల్లి లేకుండా నల్లగా మెరుస్తున్నాయి. అయినా అమ్మ నమ్మలేదు. మూత పెట్టి, సీసాను చెవికి ఆనించుకుని చాలాసేపు విన్నది.

"సప్పుడు లేదు," అంది. అప్పుడు నవ్వింది. సగం గింజలు కొంగులో పోసుకుని, సగం పెద్దమ్మకే ఇచ్చేసింది.

మిరుగం వాన పడ్డాక ఒక పొద్దున ఫోనొచ్చింది.

"మొలిసినయే," అంది అమ్మ. నేను నోరు తెరిచేలోపే, "ఈసారి జర పెద్ద డబ్బా తే. పోయినసారి కింది వాడోళ్ళకు అందలే," అని పెట్టేసింది.