రెక్కకు అవతలి వైపు

పోయిన శనివారం మా పైవాటాలో ఉండే వరంగల్ అమ్మాయి ఒక పట్టుచీర, ఫాలు పట్టుకుని దిగింది. ఇక్కడ డార్మ్‌స్టాట్‌లో ఏ దర్జీ దుకాణానికి వెళ్ళినా ప్యాంటు పొడుగు తగ్గిస్తారు, జిప్పు మారుస్తారు గానీ, చీర అంచుకి లోపలివైపు ఇంకో గుడ్డ ఎందుకు కుట్టాలో వాళ్ళకి బోధపడదు. "ఆంటీ, జర ఫాల్ కుట్టిస్తరా? వచ్చే నెల మా కొలీగ్ పెండ్లి ఉన్నది. అర్జెంట్ ఏం లేదు, మెల్లగనే కుట్టుండ్రి," అంది. కాదనలేక తీసుకున్నాను. నలభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో తెలుగువాళ్ళ చీరలకి ఫాలు కుట్టే మనిషిని నేనే. సూదిలో దారం ఎక్కించి, అంచు సరిచేసుకుని, రెండు కుట్లు వేశానో లేదో చెయ్యి ఆగిపోయింది. చీర మడిచి పక్కన పెట్టి, కిటికీ దగ్గర కూర్చుని చాలాసేపు ఏడ్చాను. మర్నాడు ఆ పిల్లకి ఏం చెప్పాలో తెలియక, కళ్ళజోడు మార్చాలని, కళ్ళ డాక్టరు టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, ఇంకా దొరకలేదని చెప్పి పంపించాను.

మా ఆయన పోయి ఎనిమిది నెలలైంది. గుంటూరు నుంచి ఇక్కడి టెక్నికల్ యూనివర్సిటీకి చదువుకోడానికి వచ్చి, ఇక్కడే ఇంజనీరుగా కుదురుకుని, ఇక్కడే రిటైరైన మనిషి. రిటైరైన మగవాళ్ళు ఇంట్లో ఊరికే ఉండరు, వంటింట్లోకి వస్తారు. ఈయన ఆరు నెలలు నా పోపుల డబ్బాలు, పప్పుల డబ్బాలు అన్నిటికీ జర్మన్‌లో పేర్లు రాసి అతికించారు. మినప్పప్పుకి జర్మన్‌లో పేరేమిటని రెండు రోజులు పుస్తకాలు తిరగేశారు కూడా. నా అదృష్టం బాగుండి ఆయనకి ఊరి బయట పాత విమానాల మైదానంలో ఒక ఫెరాయిన్ దొరికింది. ఇక్కడ ఏ ఏడుగురికి ఒకే పిచ్చి ఉన్నా ఒక సంఘం పెట్టుకుంటారు, దాన్ని ఫెరాయిన్ అంటారు. ఈ ఏడుగురు ముసలివాళ్ళ పిచ్చి ఏమిటంటే, మొదటి ప్రపంచ యుద్ధం తొలి రోజుల నాటి రెండు సీట్ల విమానాన్ని, పాత కొలతల కాగితాలు చూసి, కర్రతో, గుడ్డతో మళ్ళీ కట్టడం. కట్టి ఎక్కడో మ్యూజియంలో పెట్టడం కాదు, ఎగరెయ్యడం. ఎనిమిదోవాడిగా మా ఆయన చేరారు. నా డబ్బాలకి విముక్తి కలిగింది.

ఆ మైదానం సామాన్యమైంది కాదని మా ఇంటికి ఎవరు వచ్చినా చెప్పేవారు. మనుషులు గాల్లోకి లేవడం నేర్చుకున్న కొద్ది ఏళ్ళకే సైన్యం వాళ్ళు ఆ ఇసుక నేలకి వచ్చి వాలారట. గుర్రం తప్ప మరో వాహనం ఎరగని ఆఫీసర్లు అక్కడే ఎగరడం నేర్చుకున్నారట. తొలి రోజుల్లో ఆ విమానాలకి తుపాకీ లేదు. ఒకడు నడుపుతాడు, రెండోవాడు ఒళ్ళో పటం పెట్టుకుని కిందకి చూస్తూ, శత్రువు కందకం ఎక్కడ తవ్వాడు, రైలు ఎటు పోతోంది అని పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంటాడు. అంతే పని. ఎదురుపడితే రెండు పక్షాల వాళ్ళూ ఒకరికొకరు చెయ్యి ఊపుకుని ఎవరి దారిన వాళ్ళు పోయేవారట. తరవాత ఒకడు జేబులో పిస్తోలు పెట్టుకెళ్ళాడు, ఇంకొకడు తుపాకీ తీసుకెళ్ళాడు, ఆపైన మరతుపాకులు వచ్చాయి. అప్పుడు కూడా, అవతలివాడి విమానం తమ వైపు కూలితే, అందులోవాడు బతికాడో పోయాడో చీటీ రాసి వాళ్ళ శిబిరం మీద జారవిడిచే ఆనవాయితీ ఉండేదట. "చంపడమెందుకు, మళ్ళీ చీటీ ఎందుకు?" అని నేనంటే, "అవతల ఎదురుచూసేవాళ్ళుంటారు కదే," అనేవారు. యుద్ధవిమానాన్ని పెళ్ళికూతురిలా తలుచుకునే ఆ మనిషిని చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఆయనకి ఇష్టమైంది మాత్రం ఆ రెండో సీటు. "మొట్టమొదట పైకి వెళ్ళింది చూడ్డానికే. చంపడం తరవాత పుట్టిన బుద్ధి," అనేవారు.

పోయిన ఏడాది ఏప్రిల్‌లో ఆయన కడుపులో కాన్సరని తేలింది. ఇక్కడి డాక్టర్లు సంగతి చుట్టూ తిరగరు. "క్రిస్మస్ చూడొచ్చు, ఈస్టర్ సంగతి నేను చెప్పలేను," అంది ఆ డాక్టరమ్మ. ఈయన అడిగింది ఒక్కటే మాట, "సెప్టెంబరు?" అని. విమానాన్ని సెప్టెంబరులో లేపాలని ఫెరాయిన్ నిర్ణయం. అది దాటితే మైదానం తడిసిపోయి, గాలులు మొదలై, మళ్ళీ మే దాకా కుదరదు. ఎక్కాలని ఆయనకి లేదు. తన చేత్తో చెక్కిన బద్దలున్న ఆ విమానం నేల విడవడం కళ్ళతో చూడాలి, అంతే. ఇంకా మిగిలిన పెద్ద పని ఒక రెక్కకి గుడ్డ కుట్టడం.

ఇంట్లో మాకు మాటలు పోయాయి. మందు వేసుకున్నారా, టెర్మిన్ ఎన్నింటికి, ఇంకో ముద్ద తినండి, ఇవే మాటలు. అసలు ముందునుంచీ మేం పెద్దగా మాట్లాడుకున్నవాళ్ళం కాదు. ఆయన ఆఫీసు ఆయనది, నా వంట, పిల్ల, చీరలు నావి. ఒకరోజు ఆయన ఒక పాత ఫోటో తెచ్చి నా ముందు పెట్టారు. యుద్ధం రోజుల్లో విమానాల ఫ్యాక్టరీ. నిలబెట్టిన రెక్కకి రెండు వైపులా ఆడవాళ్ళు వరసగా కూర్చుని కుడుతున్నారు. "మగాళ్ళు పైన ఎగురుతుంటే కింద రెక్కలు కుట్టింది వీళ్ళేనోయ్. మా ముసలాళ్ళకి వేళ్ళు వణుకుతున్నాయి. నీకంటే బాగా కుట్టేవాళ్ళు ఈ జర్మనీ మొత్తంలో ఎవరున్నారు చెప్పు?" అన్నారు. నలభై ఏళ్ళ కాపురంలో ఆయన నన్ను ముఖాన మెచ్చుకున్నది అదే మొదలు. ఉబ్బితబ్బిబ్బై ఒప్పుకున్నాను.

రెక్క అంటే పెద్ద చాపంత ఉంటుందనుకున్నాను, మా హాలు కంటే పొడుగుంది. దాన్ని మైదానం పక్క షెడ్డులో అంచు మీద నిలబెట్టారు. లోపల వరసగా సన్నటి చెక్క బద్దలు, వాటిని వాళ్ళు పక్కటెముకలనే అంటారు. పైన రెండు వైపులా లినెన్ గుడ్డ. జానెడు పొడుగు సూదికి తేనెమైనం రాసిన దారం ఎక్కించి నేను ఇటు నుంచి గుచ్చితే, అటు ఆయన లాగి, బద్దకి ఆ పక్క నుంచి మళ్ళీ ఇటు గుచ్చాలి. ఒకరికొకరు కనపడం. సూది మాత్రం తిరుగుతూ ఉంటుంది. ఫెరాయిన్‌లో అందరికంటే పెద్దవాడైన వడ్రంగాయన మొదట్లో వచ్చి, ప్రతి కుట్టు తరవాతా దారానికి ఒక ముడి ఎలా వెయ్యాలో చూపించాడు. నేను యా, యా అని తలూపాను. ఊపాను గానీ, నా మనసు ఒప్పుకోలేదు. ముడి పైకి కనపడితే అది కుట్టు కాదని మా అమ్మ నా వేళ్ళ మీద కొట్టి నేర్పింది. ఫాలు కుట్టినా, రవిక కుట్టినా, మొదట ఒక ముడి, చివర ఒక ముడి, మధ్యలో దారం ఎక్కడా తెలియకూడదు. పాపం మగవాళ్ళు, వాళ్ళకి చేతకాక ముళ్ళు వేసుకుంటున్నారనుకున్నాను. ప్రతి బద్దకీ ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి వేసి, మధ్యలో చీరకి వేసినట్టే నున్నగా కుట్టుకుపోయాను.

ఆరు వారాలు కుట్టాం. ఆ ఆరు వారాలు నాకేమైందో తెలియదు, నోరు ఆగేది కాదు. ఎదురుగా ఆయన మొహం, దాని మీది పసుపుదనం కనపడకపోవడం వల్లనేమో. మా అమ్మ కుట్టుమిషను తొక్కుడు పెడలుకి నేను బొమ్మ కట్టి ఊపిన సంగతి, కొత్తగా వచ్చినప్పుడు ఇక్కడి మంచు చూసి భయపడి ఆయనకి చెప్పకుండా ఏడ్చిన సంగతి, మా అమ్మాయి పుట్టినప్పుడు ఆయన ఆలస్యంగా వచ్చినందుకు పడ్డ కోపం, అన్నీ చెప్పాను. అవతల నుంచి "ఊఁ" అనేవారు. ఒక్కోసారి "అదేంటే, నాకెప్పుడూ చెప్పలేదే," అనేవారు. మళ్ళీ సూది వచ్చేది.

కుట్టు పూర్తయ్యాక, ఆగస్టులో తనిఖీ ఆఫీసరు వచ్చాడు. అతని సంతకం లేనిదే ఇక్కడ గాలిపటం కూడా లేవదు. గుడ్డ బిగిసేందుకు వార్నిష్ పుయ్యకముందే కుట్టు చూడాలి. బద్ద మీద బొటనవేలు రాసుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాడు, మళ్ళీ వెనక్కి వచ్చాడు. ముళ్ళేవని అడిగాడు. పైన ఎగిరేటప్పుడు ఒక్క కుట్టు తెగితే, ముడి ఉంటే అక్కడితో ఆగుతుందని, లేకపోతే దారం మొత్తం జారి రెక్క గుడ్డ ఊడిపోతుందని, ఇలాగే ఆ రోజుల్లో ఎంతోమంది కుర్రవాళ్ళు నేల రాలారని నెమ్మదిగా, మర్యాదగా చెప్పాడు. అంత మర్యాదగా నన్నెవరూ ఎప్పుడూ చంపలేదు. వడ్రంగాయన మా ఆయన వైపు చూశాడు, మా ఆయన నేల వైపు చూశారు. రెక్క మొత్తం విప్పాలి. సెప్టెంబరు పోయింది.

ఇంటికొచ్చి ఆయన కాళ్ళ దగ్గర కూలబడ్డాను. "పోనీలేవే. కుట్టు మాత్రం ఎంత సన్నంగా ఉందో, ఆ ఆఫీసరు కూడా అన్నాడు," అన్నారు. ఆయన ఓదారుస్తున్న కొద్దీ నాకు ఏడుపు ఎక్కువైంది. లైప్‌జిగ్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసి, "మామా, దస్ ఇస్ట్ డోఖ్ నిష్ట్ డైనె షుల్డ్," అంది. నీ తప్పు కాదని దాని భావం. తప్పు నాది కాకపోతే మరెవరిదని అడిగి ఫోన్ పెట్టేశాను. ఆ తరవాత నేను షెడ్డుకి వెళ్ళలేదు, సూది పట్టలేదు. ముళ్ళు వేసి మళ్ళీ కుట్టింది వడ్రంగాయనా మిగతావాళ్ళూను. జనవరిలో ఆస్పత్రి మంచం మీద ఆయన, "ఆ రెక్క సంగతి నీతో ఒకటి..." అని ఏదో మొదలుపెట్టారు. ఇంకా దాని ఊసెందుకని ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టాను. ఫిబ్రవరిలో పోయారు.

మే నెలలో విమానం లేపుతున్నామని కబురొస్తే వెళ్ళకుండా ఉందామనుకున్నాను. మా అమ్మాయి వచ్చి తీసుకెళ్ళింది. ఎండ బాగా కాసింది. ఆ విమానం గడ్డి మీద దడదడమని ఊగుతూ పరిగెత్తి, ఉన్నట్టుండి తేలికైపోయింది. రెండో సీటు ఖాళీగా ఉంచారు. అందరూ చప్పట్లు కొడుతుంటే నేను వెనక్కి వచ్చేశాను. వడ్రంగాయన ఒక స్టూలు తెచ్చి వేసి, పక్కన నిలబడ్డాడు. "ముళ్ళు వేసుంటే ఆయన ఇది చూసేవారు," అన్నాను, నాకొచ్చిన జర్మన్‌లో.

ముసలాయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఇది మీకు చెప్పొద్దని మీ ఆయన నా దగ్గర మాట తీసుకున్నాడు, అయినా చెప్తున్నాను. మొదటి రోజే మీరు చేతులు కడుక్కోడానికి వెళ్ళినప్పుడు ఇద్దరం చూశాం, ముళ్ళు లేవు. మీరు రాగానే చెప్తానన్నాను, వద్దన్నాడు. తప్పని తెలిస్తే సిగ్గుపడి నోరు మూసుకుంటుంది, నాకు తెలుసు అన్నాడు. పూర్తయ్యాక విప్పాలంటే సెప్టెంబరు పోతుందిరా అన్నాను. విమానం మేలో అయినా లేస్తుంది, మేలో ఆమె మాటలు నాకు వినపడవు, కుట్టుకోనీ అన్నాడు."

నాకు ముందు కోపమే వచ్చింది. ఎవరడిగారు ఆయన్ని? ఒక్కమాట అంటే ముళ్ళు వేస్తూ కూడా మాట్లాడేదాన్ని కదా! తరవాత నిజం ఒప్పుకున్నాను. మాట్లాడేదాన్ని కాదు. తప్పు పట్టుకుంటే వారాల తరబడి పెదవి విప్పని మనిషినని నాతో కాపురం చేసినవాడికి తెలియదా! విమానం మైదానం చుట్టూ రెండుసార్లు తిరిగి దిగింది. మా అమ్మాయి నా భుజం పట్టుకుని ఏమైందని అడుగుతోంది. నేను పాడుచేశానని ఏడ్చిన ఆ ఆరు వారాలే ఆయన కోరి మిగుల్చుకున్న కాలమని నాకు తెలిసేసరికి, ఇంకా చెప్పాల్సిన మాటలు ఎన్నో ఉన్నాయి, అవతల "ఊఁ" అనడానికి మాత్రం ఎవరూ లేరు.