పునాది మార్చిన ఇల్లు

మేస్త్రీ ఎడమ అరచేత్తో పైనున్న నాలుగు రాళ్లనూ అదిమిపట్టి, కుడిచేత్తో అడుగునున్న ఇటుకను మెల్లగా బయటికి లాగాడు. మా ఆవిడ కళ్లు మూసుకుంది. నేను తెరిచే ఉంచాను కాబట్టి చూసింది చెబుతున్నాను: ఆ ఖాళీలోకి ఆయన ఒక పలకరాయిని దూర్చాడు. సొంతింటి మొక్కుకు మా ఆవిడ పేర్చిన రాళ్ల ఇల్లు కాస్త ఊగి, నిలబడింది.

ఇది జరిగింది బంగారుపాళ్యం దాటాక, హైవే వదిలి మామిడితోటల్లోకి పోయే దారిలో, పైకప్పు లేని ఒక పాత చర్చి దగ్గర. రిటైరయ్యాక నాకు పాడుబడ్డ కట్టడాలు చూసే పిచ్చి పట్టుకుంది. కోట, గుడి, మసీదు, చర్చి అన్న తేడా లేదు, కూలి ఉంటే చాలు. పత్రికలో ఉన్నన్నాళ్లూ ఏదైనా కూలిన రోజే పరుగెత్తేవాణ్ణి. ఇప్పుడు తీరిగ్గా వెళ్తున్నాను. మా ఆవిడ పులిహోర డబ్బాతో వెంట వస్తుంది.

ఆమె పని వేరు. సొంత ఇల్లు కావాలనుకునేవాళ్లు తిరుమల కొండ మీద రాయి మీద రాయి పేర్చి మొక్కుకోవడం మా వైపు అందరికీ తెలిసిందే. తిరుపతిలో వీధి వీధికీ బాడుగ ఇల్లు మారిన మా ఆవిడ, ఆ మొక్కును కొండతో సరిపెట్టలేదు. దేవుడు ఉన్నచోటల్లా, ఒకప్పుడు ఉన్నచోటల్లా కడుతుంది. ఆ లెక్కన ఊరూరా మాకు ఇళ్లున్నాయి, ఉండటానికే లేదు.

ఆ రోజు చర్చి గోడ నీడలో వరసగా పరిచిన పాత ఇటుకలు ఆమె కంటపడ్డాయి. పలచగా, నున్నగా, పునాదికే చేసినట్టున్నాయి. ఒకటి తెచ్చి, దాని మీద నాలుగు రాళ్లు పేర్చి, దణ్ణం పెట్టుకుంది. అవి కిటికీ మీద వంపు తిరిగే కమాను ఇటుకలు. మరమ్మతుకని విప్పిన మేస్త్రీ, ఏది ఏ చోటిదో తెలిసేందుకు ఎర్రరంగుతో అంకెలు వేసి, వానకు చెరిగిపోకుండా ఆ వైపు నేలకు బోర్లించి పెట్టుకున్నాడు.

టీ తాగి వచ్చిన మేస్త్రీ ముందు వరస చూశాడు, తర్వాత మా ఇల్లు చూశాడు.

"అక్కా, పదకొండో నంబరు ఎత్తుకపోయి ఈడ పెట్టేసినావే. తీసెయ్."

"నేను ముట్టనప్పా. కట్టినోళ్లే కూలిస్తే ఇంగ ఇల్లు రాదు."

"సార్, మీరన్నా తీయండి."

"ఆయన ముడితే ఇంట్లోకే రానీను," అంది ఆమె.

"ఏ ఇంట్లోకి?" అన్నాను.

"మీరు గమ్మునుండండి."

మేస్త్రీ గొంతుక్కూర్చున్నాడు. "వాలుగా చెక్కిన ఇటుకక్కా అది. ఇంగోటి దొరకదు. అది లేకుంటే కమాను మూసుకోదు."

"మరి నా మొక్కు?"

"ఈడ ఎవురికి మొక్కినావు? ఏసుకా, ఎంకటేశ్వరసామికా?"

"ఎవురు నా మాట ముందింటే వాళ్లకి."

ఆయన నవ్వలేదు. పై రాళ్లను వేలితో తట్టి చూసి, "నేను తీస్తా. పైవి కదలవు," అన్నాడు.

"కదిలితే నీకు పాపమప్పా."

"ఊరోళ్లకంతా ఇండ్లు కట్టినా, నేనుండేది బాడుగింట్లో. నాకింగ కొత్తగా ఏం పాపం తగులుతాదిలేక్కా."

అప్పుడే నేను మొదట చెప్పింది జరిగింది. ఇటుక వరసలోకి వెళ్లింది. పునాది మార్చినా ఇల్లు నిలబడతాదని మేస్త్రీ మాటిచ్చాడు. పులిహోర ముగ్గురం తిన్నాం.

తిరుగు బస్సు చిత్తూరు దాటాక మా ఆవిడ ఉన్నట్టుండి అడిగింది.

"ఆ పలకరాయి పెట్టింది ఆయన గదా?"

"అవును."

"పునాది ఎవురేస్తే ఇల్లు వాళ్లకే గదా వచ్చేది?"

"పైన నాలుగంతస్తులూ నీవే గదా."

"పునాది ఆయనదైతే, పైన మనం యాడుంటాం?"

ఇంటికొచ్చాక ఆమె మా వీధి పూజారిని అడిగింది. రాళ్లు ఎవరు పేరిస్తే ఇల్లు వారికేనన్నాడు, ఇద్దరు కలిసి పేర్చిన సంగతి తానెప్పుడూ వినలేదన్నాడు. మొన్న మేస్త్రీకి ఫోన్ చేశాను. కమాను మూసుకుందట, బాగా వచ్చిందట. పూజారి అన్న మాట చెప్పాను.

"అయితే మీకొచ్చిందా సార్?" అన్నాడు.

లేదన్నాను.

"నాకూ రాలా."

ప్రస్తుతానికి ఆయనా, మేమూ బాడుగ ఇళ్లలోనే ఉన్నాం. ఆ నాలుగంతస్తులు ఎవరివో ఇంకా తేలలేదు.