రువైస్‌లో సగం కాలిన బొమ్మ

2021 మార్చిలో నేను గల్ఫ్ దేశంలో, రువైస్‌లోని ఒక రిఫైనరీలో ఫైర్ కెప్టెన్‌ని. ఒక షిఫ్టు సిబ్బంది, రెండు ఫైరింజన్లు, ఊరి చివర మంటలార్పడం నేర్పే మైదానం నా బాధ్యత. కోవిడ్ నిబంధనల వల్ల మెస్‌లో బల్లకు ఒక్కరే కూర్చోవాలి. డ్యూటీ దిగి గదికి వెళితే మళ్లీ డ్యూటీ దాకా మాట్లాడే మనిషి ఉండేవాడు కాదు.

ఎలెనా అనే స్పెయిన్ ఇంజనీరు కంపెనీ క్వార్టర్స్‌లో ఒంటరిగా ఉండేవారు. వాళ్ల వలెన్సియాలో ఏటా వసంతకాలంలో వీధుల్లో ఎత్తైన బొమ్మలు నిలబెట్టి, టపాసులు కాల్చి, చివరి రాత్రి బొమ్మల్ని తగలబెడతారట. మనుషుల్ని ఎగతాళి చేసే బొమ్మలవి. ఆ మార్చిలో అక్కడ పండుగ లేదు. తానే ఒక బొమ్మ చేసి, మా మైదానంలో కాల్చనివ్వమని అడిగారు. అది థర్మకోల్‌ది, ఆ పొగ విషమని కాదన్నాను. చెక్కతో, అట్టతో మళ్లీ చేసి తెచ్చారు. డ్రిల్లులో భాగంగా పర్మిట్ రాశాను. టపాసులు వద్దు, గాలి వేగం హద్దు దాటితే ఆర్పేయాలి.

బొమ్మ ఆమె రూపమే. బల్ల ముందు కూర్చుని, ఎదుటి ఖాళీ కుర్చీకి సూప్ వడ్డిస్తోంది. మావాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

సాయంత్రం ఆమే నిప్పు పెట్టారు. మంట బొమ్మ భుజాల దాకా లేచేసరికి గాలి హద్దు దాటింది. నీళ్లు కొట్టమన్నాను. హోస్ పట్టుకున్న గంగారాం ఆర్పేశాడు. బల్ల కాలిపోయింది, తల మిగిలింది. ఎలెనా కారు వైపు నడిచారు.

గంగారాం జగిత్యాల వైపు మనిషి. గాలి తగ్గేదాకా ఉంటానన్నాడు. షిఫ్టు ఖలాస్, బస్సు వెళ్లిపోతుందని చెప్పాను.

"మా బాపు పోయినప్పుడు ఇమానాలు బందున్నయి సార్. దహనం ఫోన్ల సూసిన. సగంలనే లైన్ కట్టయింది. గిది గూడ సగంల ఇడిసిపెట్టి పోబుద్ధైతలేదు."

నేను ఎలెనాను వెనక్కి పిలిచి అతను చెప్పింది ఇంగ్లీషులో చెప్పాను. ఆమె ముందుగా బొమ్మ దగ్గరికి నడిచారు. ముగ్గురం తడిసిన అట్ట ఊడదీసి, పొడి చెక్కలు పేర్చాం. పొద్దు గూకాక గాలి తగ్గింది. కొలిచి చూసి పర్మిట్ పొడిగించాను. ఈసారి పూర్తిగా కాలింది. తమ ఊళ్లో ఫైర్‌వాళ్లు వచ్చేదాకా నిప్పు పెట్టరని, వాళ్లు రాగానే జనం తమ మీద నీళ్లు కొట్టమని సరదాగా కేకలు వేస్తారని ఎలెనా చెప్పారు. మా చుట్టూ ఇసుక తప్ప ఏమీ లేదు. దూరం పాటిస్తూ, బూడిద చల్లారేదాకా ముగ్గురం నిలబడ్డాం.

మంట ఆరాక మళ్లీ రాజుకోకుండా కాపలా కాయడాన్ని ఫైర్ వాచ్ అంటారు. నిబంధన ప్రకారం ఒక మనిషి చాలు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను ఎప్పుడూ ఇద్దరినే పెట్టాను. ఎందుకని ముదీర్, అంటే మా మేనేజరు, అడిగితే, ఒకరికి కునుకు పడితే రెండోవారు చూస్తారని చెప్పాను. అదీ నిజమే.