రైలును నమ్ముకున్న లారీ

"లారీల్లో ఇంక బరువు ఎక్కువ ఎయ్యొచ్చంట. సర్కారు ఒప్పుకున్నింది" అని టీ అంగట్లో ఎవరో చెప్పగానే, తోటి డ్రైవర్లతో పాటు కాశిం సాహెబ్ కూడా సంబరపడ్డాడు. చిత్తూరు పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఆయన డ్రైవరు. గుజ్జు డ్రమ్ములు నింపిన కంటైనరును లారీ మీద రేణిగుంట దగ్గరి రైల్వే యార్డుకు చేర్చేవాడు. అక్కడ క్రేను దాన్ని ఎత్తి రైలు మీద పెడితే అది ఢిల్లీ దాకా పోయేది. ఆయన మాత్రం పొద్దుగుంకే లోపల ఇల్లు చేరేవాడు.

కొన్నాళ్లకే ట్రిప్పులు తగ్గాయి. కాయలు తక్కువేమో అనుకున్నాడు. చూస్తే ఫ్యాక్టరీ ముందర కాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. మరి గుజ్జంతా ఎటు పోతున్నట్టు? యార్డులో క్రేను నడిపే దొరస్వామిని అడిగాడు.

"మాకూ పనిలేదు బాయ్. పెద్ద లారీలు ముందుకన్నా ఎక్కువేసుకోని నేరుగా ఢిల్లీకే పోతా ఉండాయి. రైలుకన్నా అదే చవకంట."

"లారీలకు మంచిదంటిరే! నాదీ లారీనే గదప్పా?"

"లారీనే. కానీ రైలును నమ్ముకున్న లారీ."

కాశిం సాహెబ్ వచ్చి తన లారీలో కూర్చున్నాడు. తన పని పోయే కబురుకా తాను అంత సంబరపడింది? కోపం ఎవరి మీద తెచ్చుకోవాలి? ఆ పెద్ద లారీల వాళ్లు తనతో కలిసి టీ తాగేవాళ్లే. నిన్నటిదాకా ఫైను వేసిన బరువు ఇవాళ ఎలా ఒప్పయిందో కూడా అంతుపట్టలేదు.

చివరికి ఫ్యాక్టరీ మేనేజరు సునీల్‌కుమార్ పిలిచి, "ఢిల్లీ పోయే పెద్ద లారీ ఎక్కుతావా సాహెబ్?" అన్నాడు. భార్య మహబూబ్ బీని అడిగితే, "పొమ్మనాల్నో వద్దనాల్నో నాకూ తెలీలేదు" అంది. ఆయన వెళ్లాడు.

నాగపూరు దాటాక రోడ్డు పక్కనే కంటైనర్ల రైలు ఒకటి ఢిల్లీ వైపే పోతూ కనిపించింది. సగం వ్యాగన్ల మీద కంటైనర్లే లేవు. కాశిం సాహెబ్ బండి నెమ్మది చేశాడు.

"ఏంది బాయ్, రైలెప్పుడూ సూడలేదా?" అన్నాడు తోడు వచ్చిన డ్రైవరు మునిశేఖర్.

"మన సరుకు దాంట్లో పోవాల్సింది గదా..."

"దాంట్లో పోతే మనమెందుకబ్బా ఈడ?"

అదీ నిజమే అనిపించింది. అయినా మనసు కుదుటపడలేదు. వెనక బండ్లు హారను కొడుతుంటే గేరు మార్చాడు.