కేక్ మీద గన్నేరు పువ్వులు

మాది పోర్ట్ బ్లెయిర్‌కి సముద్రపు పాయ అవతలున్న బాంబూఫ్లాట్. ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతాను. రెండేళ్ల కిందట పోర్ట్ బ్లెయిర్ నుంచి ఒకావిడ తన పాప మొదటి పుట్టినరోజుకి నిజం పువ్వులు పెట్టిన కేక్ కావాలన్నారు. రోజూ పూజకి కోసే గులాబీరంగు గన్నేరు పువ్వులే క్రీములో గుచ్చాను. దేవుడికి పెట్టే పువ్వుకి వంకేముంటుందని నా ధైర్యం.

కేక్ ఇవ్వడానికి వెళ్తుంటే, ఫెర్రీలో నా పక్కన కూర్చున్న చేపలమ్మే ముసలమ్మ, డబ్బా అద్దం మూతలోంచి కేక్ చూసి ఉలిక్కిపడింది.

"ఓలమ్మ! గన్నేరేటి పెట్టీసినావు బేటీ? ఆ ఆకు తినే మా మేక సచ్చిపోనాది."

పువ్వులు పీకేసినా, తుంచిన కాడల పాలు అప్పటికే క్రీములోకి దిగి ఉంటాయి. జెట్టీలో దిగగానే కేక్ అడిగినావిడకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేశాను. తిడతారనుకున్నాను.

"కేక్ సంగతి ఛోడో దీదీ, పోతే పోనీ," అన్నారు. "మా పాప ఏది కనబడినా ముందు నోట్లోనే పెట్టుకుంటాది."

కేక్ వెనక్కి తెచ్చి గొయ్యి తీసి పాతిపెట్టాను. ఇప్పుడు మా పెరట్లో మందు కొట్టకుండా పెంచిన మందారాలే వాడుతున్నాను. పూజకి మాత్రం ఇంకా గన్నేరే కోస్తాను. దేవుడు పువ్వులు తినడు కదా!